సంతకం పెట్టే సార్ కావాలి

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మెడికల్ విద్యార్థుల కోసం నడిపే పరిశోధన పథకం ఎస్‌టీఎస్‌కు దరఖాస్తులు మొదలవగానే వరంగల్ హాస్టళ్లలో ఒకటే మాట: "అన్నా, సైన్ పెట్టే సార్ ఎవరన్నా ఉన్నరా?" దారి చూపే గురువును వెతకాల్సిన పిల్లలు సంతకాన్ని ఎందుకు వెతుకుతున్నారు? తప్పు వాళ్లది కాదు.

కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. 2008లో ఆదిలాబాద్ రిమ్స్ వచ్చేదాకా ఉత్తర తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఇదొక్కటే. చుట్టుపక్కల జిల్లాల పేషెంట్లంతా దాని బోధనాసుపత్రి ఎంజీఎంకే వచ్చేవారు. సార్లకు ఓపీ, వార్డు, క్లాసులు, పైగా పీజీల థీసిస్‌లు. ఇవన్నీ అయ్యాక మిగిలిన టైమే ఎంబీబీఎస్ వాళ్లది.

ఐసీఎంఆర్ 1979లోనే ఎస్‌టీఎస్ పెట్టింది. ఎంబీబీఎస్ విద్యార్థి రెండు నెలలు చిన్న పరిశోధన చేసి రిపోర్టు ఇస్తే స్టైపెండ్, సర్టిఫికెట్ వస్తాయి. మంచి పథకం. కానీ దారి చూపి, ఫారం మీద సంతకం పెట్టే గైడ్ సొంత కాలేజీలోనే దొరకాలి. పైగా పీజీ సీటుకు పరిశోధన లెక్కలోకి రాదు. అప్పట్లో రాష్ట్ర ఎంట్రన్స్, ఇప్పుడు నీట్ పీజీ, ఏదైనా ఎంసీక్యూలే. పరిశోధన మీద పెట్టిన రెండు నెలలు కోచింగ్‌కు దక్కకుండా పోయినట్టేనని ఇంట్లోవాళ్లకు టెన్షన్.

అధ్యాపకుల వైపు చిక్కు వేరు. ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. 2015లో అప్పటి వైద్య విద్య నియంత్రణ సంస్థ ఎంసీఐ, మొదటి ఇద్దరు రచయితలకే ఆ పేపర్ లెక్కకొస్తుందని చెప్పింది. నిబంధన తర్వాత మారింది గానీ, డేటా అంతా సేకరించిన విద్యార్థి పేరు చివరికి జరిగే అలవాటుకు అది ఊతమిచ్చిందని నా నమ్మకం.

మరి పరిశోధించడానికి ఇక్కడ ఏముంది అంటారా? పురుగుల మందు కేసులనే చూడండి. 1997 నుంచి 2002 వరకు ఎంజీఎంలో చేరిన ఇలాంటి 8,040 మంది వివరాలతో 2005లో ఒక పేపర్ వచ్చింది. వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారు. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌ల వల్లే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపేసింది. ఆ పేపర్‌కు కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. రోజూ రాసే ఆసుపత్రి రికార్డులే ఆధారం.

సెకండియర్‌లో నేనూ ఫారం పట్టుకుని ఒక సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన సంతకం పెట్టలేదు. వార్డుకు తీసుకెళ్లి ఒక కేస్ షీట్ తెరిచారు. "మందు పేరు తెలియదు" అని రాసి ఉంది. "డబ్బా తెమ్మని వాళ్లింటివాళ్లను అడిగినవా? పది కేసులు అడిగి రాసుకుని రా, అప్పుడు ఫారం చూద్దాం" అన్నారు. బయట మెట్ల మీద ఒక పెద్దాయన కండువాలో చుట్టి తెచ్చిన డబ్బా చూపించాడు. లేబుల్ సగం చిరిగిపోయింది. పేరులో చివరి మూడక్షరాలే మిగిలాయి. నా పరిశోధన ఆ మూడక్షరాలతో మొదలైంది.

2022లో రామగుండం, మంచిర్యాల, జగిత్యాల, మహబూబాబాద్‌లలో, 2023లో భూపాలపల్లి, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలలో ప్రభుత్వ కాలేజీలు వచ్చాయి. అక్కడి మొదటి బ్యాచ్‌కు "అన్నా" అని అడగడానికి సీనియర్ కూడా లేడు. ఈ ఏడాది గైడ్‌గా ఉండే సార్లు, మేడమ్‌ల పేర్లు, వాళ్లు పనిచేస్తున్న విషయం ప్రతి డిపార్ట్‌మెంట్ తలుపు మీద ఒక కాగితంపై రాసి అంటించాలి. దరఖాస్తులు మొదలవడానికి నెల ముందే.