ఎండ తినేది ఒకటి, కుళ్లు తినేది ఇంకొకటి

ఆరుబయట దూలాల మీద చెక్క పలకలు పరిచి కట్టిన అరుగు, అంటే డెక్, కొత్తలో తేనె రంగులో మెరుస్తుంది. రెండు మూడేళ్లు ఎండావానలు తినేసరికి బూడిద రంగుకు దిగుతుంది. అది చూసి చాలామంది చెక్క లోపలిదాకా పాడైపోయిందని బెంగపడతారు. ఒక పలక మీద చిత్రిక రెండుసార్లు తోసి చూడండి. కాగితమంత పొర లేచిపోయి, కింద పాత తేనె రంగే బయటపడుతుంది.

కొయ్యలో ప్రధానంగా సెల్యులోజ్ నారలుంటాయి. వాటిని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే జిగురు లిగ్నిన్. కొయ్య బరువులో 20 నుంచి 30 శాతం దాకా ఇదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా పీల్చుకునేది కూడా ఇదే. పీల్చుకుని తనే ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని వాన కడిగేస్తుంది. జిగురు పోయిన నారలు తెల్లగా పైకి తేలతాయి. వాటి మీద నల్లటి బూజు పలచగా పడుతుంది. ఆ తెలుపూ ఈ నలుపూ కలిసి మన కంటికి వెండి బూడిద రంగవుతాయి. అయితే ఈ కిరణాలు చెక్కలోకి దిగే లోతు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. పైన్ లాంటి మెత్తని కలప ఎండకూ వానకూ అరిగేది వందేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లు. ఏ డెక్కూ అంతకాలం నిలవదు కాబట్టి, ఎండ వల్ల కూలిన డెక్ అంటూ ఉండదనే చెప్పాలి.

డెక్‌ను కూల్చేది కుళ్లు. విచిత్రమేమిటంటే, కుళ్లు తెచ్చే శిలీంధ్రాల్లో ఒక పెద్ద తెగ ఎండకు సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. నారల్ని తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. అప్పుడు చెక్క ముదురు గోధుమ రంగుకు తిరిగి, చిన్న చిన్న ఘనాలుగా బీటలిచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. బరువు పెద్దగా తగ్గకముందే బలం చాలామటుకు పోతుంది. అందుకే పైకి నిక్షేపంలా కనిపించే పలక ఒకరోజు కాలి కింద హఠాత్తుగా విరుగుతుంది. ఈ శిలీంధ్రాలకు కావలసింది తేమ. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే వాటి ఆటలు సాగవు. 30 శాతానికి చేరితే ఇక వాటిదే రాజ్యం.

కాబట్టి డెక్ బాగుచేయాలనుకున్నప్పుడు ముందు చూడాల్సింది నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయన్నది. చెట్టు బతికున్న రోజుల్లో వేళ్ల నుంచి ఆకులదాకా నీళ్లు మోసిన దారులు పలక పొడవునా ఉంటాయి. రంపంతో కోసిన కొసల దగ్గర వాటి నోళ్లు తెరిచే ఉంటాయి. పలక వెడల్పు వైపు నుంచి కన్నా ఈ కొసల నుంచి నీరు ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతుంది. పలక దూలం మీద ఆనే చోటు, సందుల్లో రాలుటాకులు ఇరుక్కున్న చోటు, స్క్రూల చుట్టూ ఉన్న గుంటలు కూడా అలాంటివే. స్క్రూడ్రైవర్ మొనతో ఈ చోట్లన్నీ పొడిచి చూడాలి. గట్టిగా తగిలితే సరే. మెత్తగా దిగిపోతే ఆ ముక్కను మార్చాల్సిందే, దాని మీద ఎంత నూనె పోసినా దండగే. మోకాళ్ల మీద వంగి డెక్ అడుగున దూలాల్ని కూడా పొడవాలి. ఈ పని ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చదు.

ఇక కడగడం. బలమైన నీటి జెట్‌తో కడిగితే చూస్తుండగానే కొత్త రంగు వస్తుంది, ఆ ముచ్చట ఎక్కువకాలం ఉండదు. చెట్టు వలయాల్లో మెత్తని భాగం, గట్టి భాగం పక్కపక్కనే ఉంటాయి. జెట్ మెత్తనిదాన్ని తవ్వేసి గట్టిదాన్ని గీతల్లా నిలబెడుతుంది. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్ బూజును చంపుతుంది, పనిలోపనిగా లిగ్నిన్‌నూ దెబ్బతీస్తుంది. ఎండ చేసే పనే మనం సీసాలోంచి పోసి చేసినట్టు! సోడియం పెర్కార్బనేట్ ఇంతకన్నా నయం. నీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చాకలి సోడాగా విడిపోతుంది. నార వెంబడే బ్రష్‌తో రుద్ది కడిగేయాలి. సోడా క్షార గుణానికి కొన్ని కలపలు నల్లబడతాయి. ఇనుప మేకుల చుట్టూ ఉండే నల్ల మరకలది వేరే కథ. చెక్కలో వగరుండే టానిన్లు ఇనుముతో కలిసి పుట్టించే మరకలవి, పాత కాలపు సిరా తయారైంది ఈ రసాయనంతోనే. సోడా తెచ్చిన నలుపుకూ ఈ మరకలకూ, రెంటికీ మందు ఆక్సాలిక్ ఆమ్లం. అది విషం, చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

ఉప్పుకాగితం 60 నుంచి 80 నంబరు చాలు. ఇంకా నునుపు చేస్తే నూనె లోపలికి ఇంకదు. కానీ ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కలపను రుద్దేముందు ఆగండి. కుళ్లకుండా పట్టించిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు అందులో ఉండవచ్చు. 1933లో ఈ మిశ్రమాన్ని రూపొందించినవాడు సొంటి కామేశం అనే భారతీయ శాస్త్రవేత్త. దశాబ్దాలపాటు ప్రపంచమంతా దీన్ని కలపకు పట్టించారు. ఆర్సెనిక్ భయంతో 2003 ముగిసేసరికి అమెరికాలో ఇళ్ల కలపకు దీన్ని మానేశారు. ఆ ధూళి పీల్చకూడదు, ఆ చెక్కను పొయ్యిలో పెట్టకూడదు.

చెక్క బాగా ఆరాక పూత. వార్నిష్ మెరుపు చూసి మోసపోవద్దు. తేమకు పలక అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. పైన గట్టిపడిన వార్నిష్ పొర ఈ కదలికలకు తట్టుకోలేక చిట్లుతుంది. చీలికలోంచి దిగిన నీరు బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. ఇంకిపోయే నూనె అయితే పెచ్చులూడదు, వెలిశాక మళ్లీ రాసుకోవచ్చు. అందులో ఐరన్ ఆక్సైడ్ లాంటి రంగు పొడి ఉండాలి, ఎండను అడ్డుకునేది అదే. రంగులేని నూనె రాస్తే బూడిద రంగు తిరిగొస్తుంది. పలచగా రాసి, ఇంకకుండా మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఈ పనికి వాడే అవిసె నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి.

మళ్లీ ఎప్పుడు రాయాలో క్యాలెండర్ చెప్పదు. నాలుగు నీటిచుక్కలు చల్లి చూడాలి, ముత్యాల్లా నిలిస్తే ఇంకా ఆగవచ్చు, ఇంకిపోతే మళ్లీ నూనె రాయాల్సిందే. చుక్కలు వేయాల్సింది పలక నడుమ కాదు, కోసిన కొసల దగ్గర.