ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్లు: అపోహలు - వాస్తవాలు

ఉపగ్రహాల పవర్ సిస్టమ్స్‌లో పనిచేస్తానని చెప్పగానే ఎదురయ్యే మాటలివి.

అపోహ: పైన మబ్బుల్లేవు, రాత్రి లేదు, రోజంతా కరెంటే.

వాస్తవం: మబ్బుల్లేని మాట నిజమే. రాత్రులు మాత్రం మనకంటే ఎక్కువ. 400 కిలోమీటర్ల ఎత్తులోని అంతరిక్ష కేంద్రం సుమారు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది. అందులో దాదాపు 35 నిమిషాలు నీడలోనే. అందుకే ప్యానెళ్లు సగం కథే, మిగతా సగం బ్యాటరీ.

అపోహ: సూర్యుడికి దగ్గరైతే కరెంటు పెరుగుతూనే ఉంటుంది.

వాస్తవం: ఎండను కరెంటుగా మార్చే సోలార్ సెల్ వేడెక్కితే వోల్టేజ్ పడిపోతుంది. సూర్యుడి దగ్గరికెళ్లే పార్కర్ ప్రోబ్ తన ప్యానెళ్లను కవచం చాటుకు ముడుచుకుంటుంది. పైగా వాటికి నీళ్లతో కూలింగ్!

అపోహ: ఒకసారి పైకి పంపితే ఇక అరుగూ తరుగూ ఉండదు.

వాస్తవం: మా టెన్షనంతా దీని గురించే. 1958లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం వాన్‌గార్డ్-1లో బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్ ఆ జూన్‌లోనే మూగబోయింది. సోలార్ సెల్స్‌తో నడిచేది 1964 దాకా పలికింది. దాంతో సెల్స్ మీద నమ్మకం కుదిరింది. కానీ 1962 జూలైలో అమెరికా అంతరిక్షంలో అణుబాంబు పేల్చినప్పుడు, ఆ రేడియేషన్‌కు బ్రిటన్ ఉపగ్రహం ఏరియల్-1 ప్యానెళ్లు దెబ్బతిన్నాయి. బాంబులు లేకపోయినా భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీలు అదే పని నిదానంగా చేస్తాయి. సెల్ మీద పల్చటి గాజు అతికించేది ముఖ్యంగా ఇందుకే. ప్రయోగం రోజు ఎన్ని వాట్లు వస్తాయన్నది బ్రోచర్‌లో రాసుకోవడానికి బాగుంటుంది. మేం లెక్క కట్టేది మాత్రం మిషన్ చివరి రోజున వచ్చే వాట్లతోనే.

అపోహ: బృహస్పతి దగ్గర అణుబ్యాటరీ తప్ప దారి లేదు.

వాస్తవం: ఒకప్పుడు అంతే. అక్కడ ఎండ మన దగ్గరి దాంట్లో దాదాపు 4 శాతమే. అయినా 2011లో బయల్దేరిన నాసా వ్యోమనౌక జూనో అక్కడ సోలార్‌తోనే నడిచింది. భూమి దగ్గరైతే సుమారు 14 కిలోవాట్లు ఇవ్వగల ప్యానెళ్లు అక్కడ ఇచ్చేది 500 వాట్లకు అటూ ఇటూ. ఒకదాని మీద ఒకటి మూడు పొరలున్న సెల్స్ వాడబట్టే ఆ మాత్రమైనా వచ్చింది.

అపోహ: ప్యానెళ్లు పాడవడం వల్లే చంద్రయాన్-3 ఆగిపోయింది.

వాస్తవం: కాదు. విక్రమ్, ప్రజ్ఞాన్‌లను తయారు చేసిందే ఒక చంద్ర పగటికి, అంటే మన 14 రోజులకు. ఆ పని పూర్తిచేశాకే వాటిని నిద్రపుచ్చారు. మళ్లీ ఎండ వచ్చాక పిలిచి చూశారు, జవాబు రాలేదు. అంత పొడవాటి రాత్రి చలికి తట్టుకునేలా వాటిని కట్టలేదు మరి.