నార్కొండం హార్న్‌బిల్: లెక్కల చుట్టూ అల్లుకున్న అపోహలు

నార్కొండం అనే చిన్న దీవిలో మాత్రమే సహజంగా ఉండే, పెద్ద వంకర ముక్కు గల పక్షి ఇది.

అపోహ: అడవిలో పక్షుల సంఖ్య చెప్పారంటే ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టి ఉంటారు.

వాస్తవం: దట్టమైన అడవిలో అది సాధ్యం కాదు. ముందే నిర్ణయించుకున్న దారుల వెంట నెమ్మదిగా నడుస్తూ, కంటపడిన ప్రతి పక్షీ దారికి ఎంత దూరాన ఉందో కొలిచి రాసుకుంటాం. దూరం పెరిగేకొద్దీ కనిపించేవి తగ్గుతాయి కాబట్టి, ఆ తగ్గుదల తీరును బట్టి మన కంటికి దొరకనివి ఎన్ని ఉంటాయో అంచనా కడతాం. ఎగిరిపోతున్న పక్షులను ఇందులో కలిపితే సాంద్రత, అంటే చదరపు కిలోమీటరుకు ఉండే పక్షుల సంఖ్య, ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. అందుకే వాటిని విడిగా నమోదు చేయాలి. గూడు కట్టే కాలంలో మరో చిక్కు ఉంది. హార్న్‌బిల్ ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి, మగపక్షి ఆహారం అందించడానికి సన్నని చీలిక మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది. ఆ రోజుల్లో నడిచేవారికి ఎర్రగోధుమ రంగు తల ఉన్న మగవే ఎక్కువగా ఎదురవుతాయి, నల్లతల ఆడవి అరుదుగా కనిపిస్తాయి. సర్వే ఏ నెలల్లో జరిగిందో చెప్పని సంఖ్యను నేను సగం సమాచారంగానే చూస్తాను.

అపోహ: ఈ హార్న్‌బిల్‌లు ఒకప్పుడు మూడు నాలుగు వందలే ఉండేవి, 2019-20 సర్వేలో వెయ్యి దాటాయి, అంటే రెండు మూడింతలు పెరిగాయి.

వాస్తవం: పాత అంచనాలకూ ఈ సర్వేకూ పద్ధతులు ఒకటి కావు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరుగుదల తేల్చడం సరికాదు. అదే పద్ధతిలో, అవే దారుల్లో, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ నడిస్తేనే పెరిగాయో తగ్గాయో తెలుస్తుంది.

అపోహ: చదరపు కిలోమీటరుకు 151 పక్షులున్నప్పుడు ఇక భయం దేనికి?

వాస్తవం: హార్న్‌బిల్ జాతుల్లో ఇంత సాంద్రత మరెక్కడా నమోదు కాలేదన్నది నిజమే. కానీ అండమాన్ సముద్రంలో సుమారు 6.8 చదరపు కిలోమీటర్ల ఈ అగ్నిపర్వత దీవి తప్ప ఈ జాతికి సహజ ఆవాసం ప్రపంచంలో వేరే లేదు. ఒక్క పెనుతుపాను, ఒక్క అంటువ్యాధి మొత్తం జాతిని తాకగలదు. పోలీసు ఔట్‌పోస్టుతో పాటు దీవికి చేరిన మేకలు పెరిగి లేత మొక్కలను మేసేశాయి. తొర్రలుండే భారీ వృక్షాలు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది కనుక, ఆనాటి నష్టం ఈనాటి పక్షుల లెక్కలో కనబడదు. మేకలను తొలగించడం అందుకే గొప్ప పని. పక్షులతో పాటు ఏ మొక్కలు మళ్లీ మొలుస్తున్నాయో కూడా సర్వేలో నమోదు చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: కొన్నింటిని పక్క దీవికి తరలిస్తే సరిపోతుంది.

వాస్తవం: అండమాన్‌లోని ఇతర దీవుల్లో హార్న్‌బిల్‌లు సహజంగా లేవు. కొత్త జీవిని వదిలితే అక్కడి పక్షులకూ తొర్రలకూ ఏమవుతుందో ముందుగా పరిశీలించాలి. అంతకంటే ముందు నార్కొండంలో చెట్ల నరికివేత, వేట లేకుండా చూడటం, ఏ నిర్మాణానికైనా అడవిని వీలైనంత తక్కువగా తాకడం మన చేతిలో ఉన్న పనులు.