మొదటి పాప్ లెక్కలోకి రాదా? సేఫ్టీ వాల్వుల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదిన్నరకు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా దగ్గర ట్రైనీగా చేరినవాడే, ఇప్పుడు షట్‌డౌన్ పనుల్లో టెస్ట్ బెంచ్ చూస్తున్నాడు. "సార్, యాభై కేజీల వాల్వు. మొదటి పాప్ 52.4 దగ్గర వచ్చింది. రెండోది 50.3, మూడోది 50.2. మొదటిది వదిలేసి పాస్ రాసేయమంటున్నారు. రాసేయనా?" (సేఫ్టీ వాల్వు అంటే ప్రెషర్ హద్దు దాటగానే దానంతటదే తెరుచుకుని ఆవిరిని వదిలేసేది. అలా ఒక్కసారిగా తెరుచుకోవడమే పాప్. తెరుచుకోవాల్సిన ప్రెషరే సెట్ ప్రెషర్, ఈ వాల్వుకు చదరపు సెంటీమీటరుకు యాభై కేజీలు.)

ఈ ఏడాది ఈ ప్రశ్న నా దాకా రావడం ఇది మూడోసారి. అడిగే మనిషి మారతాడు, అంకెలు మారతాయి, "మొదటిది వదిలేసి" అన్న మాట మాత్రం మారదు. ఇరవై రెండేళ్లుగా సేఫ్టీ వాల్వులు విప్పి, బిగించి, పేల్చి చూడటమే నా బతుకు. ముందు థర్మల్ స్టేషన్లలో చేశాను, తర్వాత అణు విద్యుత్ కేంద్రాల షట్‌డౌన్లలో. ఈ ఒక్క అపోహ తెచ్చినంత తలనొప్పి ఇంకేదీ తేలేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: మొదటి పాప్ లెక్కలోకి రాదు. వాల్వు ఫ్రీ అయ్యాక వచ్చేదే అసలు రీడింగ్.

"ఫ్రీ అయ్యాక" అంటున్నామంటే అంతకుముందు అది ఫ్రీగా లేదని మన నోటితో మనమే ఒప్పుకుంటున్నాం కదా! ఆ ఫ్రీగా లేని వాల్వే నిన్నటిదాకా లైన్లో కూర్చుని ప్లాంటును కాపాడుతున్నట్టు కాగితాల్లో ఉంది.

అక్కడ జరిగేది ఇది. డిస్కు (వాల్వు మూత), సీటు (అది కూర్చునే అంచు) అద్దంలా ల్యాపింగ్ చేసిన, అంటే నున్నగా అరగదీసిన, రెండు లోహపు ముఖాలు. వాటిని స్ప్రింగ్ బలంతో నొక్కిపెట్టి, వేడి ఆవిరిలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంచుతాం. అణు కేంద్రాల పరికరాల పరీక్షలకు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం రాసిన ఏఎస్ఎంఈ ఓఎం కోడ్ ప్రకారం క్లాస్ 1 వాల్వును, అంటే రియాక్టర్ ప్రెషర్‌ను నేరుగా మోసేదాన్ని, అయిదేళ్లకోసారి పరీక్షిస్తే చాలు. అన్నేళ్లలో రెండు ముఖాల మధ్య సన్నటి ఆక్సైడ్ పొర పుట్టి ఒకదాన్నొకటి పట్టేసుకోవచ్చు. స్పిండిల్, అంటే మూతను నొక్కే కడ్డీ, గైడ్‌లో పట్టేయవచ్చు. మొదటిసారి ఎత్తినప్పుడు ఆవిరి స్ప్రింగ్‌తో పాటు ఆ పట్టును కూడా తెంచాలి. ఒకసారి తెగాక రెండో పాప్‌లో, మూడో పాప్‌లో కనిపించేది స్ప్రింగ్ ఒక్కటే. స్ప్రింగ్ బాగానే ఉంటుంది, అంకెలు ముచ్చటగా వస్తాయి, అందరూ సంతకాలు పెడతారు. నిజంగా రియాక్టర్‌లో ప్రెషర్ లేచిన రోజున వాల్వుకు రిహార్సల్ ఉండదు. ఆ రోజు దొరికేది మొదటి పాప్ ఒక్కటే.

అమెరికాలో కొన్ని బాయిలింగ్ వాటర్ రియాక్టర్లలో (నీళ్లు రియాక్టర్‌లోనే మరిగే రకం) టార్గెట్ రాక్ కంపెనీ టూ-స్టేజ్ వాల్వులతో 1980ల నుంచి పడిన తిప్పలు ఇవే. పెద్ద వాల్వును తెరిపించే చిన్న వాల్వే పైలట్. దాని డిస్కు, సీటు రెండూ స్టెలైటే (గట్టి కోబాల్ట్ మిశ్రమం). రెండూ తుప్పు పొరతో అతుక్కుపోయి, సెట్ ప్రెషర్ దాటినా తెరుచుకునేవి కావు. మెటీరియల్ మార్చి చూశారు, ప్లాటినం కలిపి చూశారు. చివరికి చాలాచోట్ల ప్రెషర్ స్విచ్ పెట్టి, ప్రెషర్ పెరిగితే వాల్వును బయటి నుంచి తెరిచే ఏర్పాటు చేసుకున్నారు. మొదటి పాప్‌ను వదిలేసి ఉంటే ఈ జబ్బు బయటపడేదే కాదు. పరీక్షకు ముందే వాల్వును కదిలించి సిద్ధం చేయడాన్ని అక్కడి ఇన్‌స్పెక్టర్లు ప్రీకండిషనింగ్ అంటారు. మన షాపు భాషలో చెప్పాలంటే, పరీక్షకు ముందు పేపర్ లీక్ చేయడం.

మరి కుర్రాడి 52.4 సంగతి? యాభైకి 4.8 శాతం ఎక్కువ. విప్పకముందు చూసే రీడింగ్‌కు, అదే యాజ్-ఫౌండ్‌కు, మామూలుగా ఇచ్చే హద్దు మూడు శాతం. కాబట్టి ఫెయిల్. ఆ తర్వాత సరిచేసి ఒక శాతం లోపు పెట్టి పంపడం వేరే పని, వేరే గడి. "52.4 అనే రాయి, ఫెయిల్ అనే రాయి, అదే గ్రూపులో (ఒకే రకం వాల్వుల్లో) ఇంకో రెండు వాల్వులు దింపించు" అన్నాను. కోడ్ చెప్పేది కూడా అదే: ఒకటి ఫెయిలైతే అదే గ్రూపులో మరో రెండు. వాటిలోనూ ఒకటి తప్పితే గ్రూపు మొత్తం. అవతల కాసేపు నిశ్శబ్దం. "స్టార్టప్ లేటవుద్ది సార్, నన్ను తింటారు" అన్నాడు. తింటారు. నన్నూ తిన్నారు.

అపోహ: తప్పు చేసింది ఫిట్టర్. ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది.

ఎలా తిన్నారో చెబుతాను. పేరు అనవసరం, ఒక ప్లాంటు. షట్‌డౌన్‌లో ఒక వాల్వు యాజ్-ఫౌండ్ రికార్డు మీద నాకు అనుమానం వచ్చింది. మూడు రీడింగులూ మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. అన్నేళ్లు కదలని వాల్వు అంత బుద్ధిగా పాప్ అవదు. మా పెద్ద ఫిట్టర్‌ను అడిగితే దాచకుండా చెప్పాడు: "రెండుసార్లు ఎత్తాకే రీడింగ్ తీసుకున్నా సార్, ఎప్పుడూ అంతే కదా." మీటింగ్‌లో అందరూ ఆయన మీద పడ్డారు. ప్రొసీజర్ పాటించలేదని, రిఫ్రెషర్ ట్రైనింగ్‌కు పంపాలని తీర్మానం. ఆయనకు అప్పటికి రిటైర్మెంట్ ఏడాదిన్నర ఉంది. తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆయన టేబుల్ మీది నూనె మరకల ప్రొసీజర్ తీసుకుని నేనే చదివాను. తొమ్మిదో స్టెప్: "వాల్వును రెండుసార్లు పాప్ చేసి, తర్వాత వరుసగా మూడు రీడింగులు నమోదు చేయాలి." మనిషి దాన్ని అక్షరాలా పాటించాడు! తప్పు కాగితంలో ఉంది. ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చిందో వెతికితే దొరికింది. కొత్తగా ల్యాపింగ్ చేసి బిగించిన వాల్వును ఒకటి రెండుసార్లు ఎత్తి, సీటు కుదురుకున్నాక రీడింగ్ తీసుకోవడం మామూలే. ఆ ఓవర్‌హాల్ స్టెప్పులను ఎవరో కాపీ కొట్టి యాజ్-ఫౌండ్ టెస్టులో పేస్ట్ చేశారు. పైన ముగ్గురి సంతకాలు. ఆ ముగ్గురిలో ఒకరు ఉదయం మీటింగ్‌లో అందరికన్నా గట్టిగా అరిచినాయన.

ఇలాంటి తప్పు దిద్దడం అంటే వాక్యం కొట్టేయడంతో అయిపోదు. ఆ కాగితంతో అంతకుముందు పరీక్షించిన ప్రతి వాల్వూ అనుమానితుడే. అదృష్టం బాగుండి బెంచ్ రికార్డర్ చార్టు రోల్స్ పారేయలేదు. లెక్కలోకి రాని ఆ రెండు పాప్‌ల శిఖరాలూ చార్టు మీద గీత గీసి ఉన్నాయి. ఇద్దరం స్కేలు పెట్టుకుని రెండు రాత్రులు కొలిచాం. తొమ్మిది వాల్వుల్లో నాలుగింటికి మొదటి శిఖరం మూడు శాతం దాటింది. పాస్ సర్టిఫికెట్లు మాత్రం తొమ్మిదింటికీ ఉన్నాయి. కొత్త ప్రొసీజర్‌లో మూడు మార్పులు చేయించాం. ఫారంలో అన్నిటికన్నా పైన మొదటి పాప్ గడి. ఆ పాప్ ముందు హోల్డ్ పాయింట్, అంటే క్వాలిటీ మనిషి వచ్చి నిలబడేదాకా ఆవిరి తెరవకూడదు. సెట్టింగ్‌ను ఎవరూ కదపకుండా కట్టే సీల్ వైరు తెగకుండా ఉందో లేదో ఫోటో. చార్టు రోల్ ఫారానికే పిన్ చేయాలి. (నాలుగయ్యాయి. నాలుగోది మా పెద్ద ఫిట్టర్ చెప్పిందే.)

ట్రైనింగ్‌కు మాత్రం ఆయన్ని పంపనే పంపారు. తీర్మానం అయిపోయిందట.

అపోహ: కొంచెం లీకే కదా, మూసుకుని తెరుచుకుంటే చాలు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం రెండో యూనిట్‌లో ప్రెషరైజర్ (రియాక్టర్ నీళ్ల ప్రెషర్‌ను నిలిపే ట్యాంకు) మీది రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదన్న కథ అందరికీ తెలుసు. అది కోడ్ సేఫ్టీ వాల్వు కాదు, పైలట్‌తో నడిచే రిలీఫ్ వాల్వు. ప్యానెల్ మీది లైటు వాల్వును తెరిపించే విద్యుదయస్కాంతానికి, అంటే సోలినాయిడ్‌కు, కరెంటు ఆగిందని చెప్పింది తప్ప వాల్వు మూసుకుందని చెప్పలేదు. రెండు గంటల ఇరవై నిమిషాలకు గానీ అదే లైన్లోని బ్లాక్ వాల్వు (దారి మూసే వాల్వు) మూయలేదు. నన్ను కలచివేసేది దానికి ముందు జరిగింది. అక్కడ వాల్వు లీకు పాతదే. వాల్వు తర్వాతి పైపు 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే బ్లాక్ వాల్వు మూయాలని ప్రొసీజర్‌లో రాసే ఉంది. చాలా రోజులుగా దాటే ఉంటోంది, ఎవరూ మూయలేదు. ఆ రోజు 285 చూపించినా "లీకు వాల్వు కదా, వేడిగానే ఉంటుంది" అనుకున్నారు. లీకు నీళ్లకన్నా లీకుకు అలవాటుపడిన కళ్లు ఎక్కువ నష్టం చేశాయి.

అదే రోజు స్టీమ్ జనరేటర్లకు నీళ్లిచ్చే అత్యవసర ఫీడ్ వాటర్ లైన్లలో రెండు బ్లాక్ వాల్వులు మూసే ఉన్నాయి. వాటి టెస్టు జరిగింది రెండు రోజుల ముందు. ఎనిమిది నిమిషాలకు గానీ ఎవరూ చూడలేదు. రెండు ఇండికేటర్ లైట్లలో ఒకదాని మీద మెయింటెనెన్స్ ట్యాగ్ వేలాడుతోంది. ట్యాగ్ ఎక్కడ కట్టాలో ఏ ప్రొసీజర్‌లోనైనా రాస్తామా? నేనైతే ఇప్పుడు రాయిస్తున్నాను.

ఇక సిమ్మర్, అంటే సెట్ ప్రెషర్‌కు ముందే బుసబుసమనే సన్నటి లీకు, ఆపడానికి అడ్జస్టింగ్ బోల్టు పావు తిప్పు బిగించే వీరులకు ఒకే మాట: లీకు ఆగింది, సెట్ ప్రెషర్ పెరిగింది.

అపోహ: సెట్ ప్రెషర్ సరిగ్గా వస్తే వాల్వు సరిగ్గా ఉన్నట్టే.

కాదు. సరైన ప్రెషర్ దగ్గర తెరుచుకుని సగమే లేచే వాల్వు పోయాల్సినంత ఆవిరి పోయదు. పూర్తిగా లేవడం, సరైన చోట మూసుకోవడం వాల్వు లోపల పళ్లతో తిప్పి సర్దే రింగుల చేతిలో ఉంటాయి. రింగు పళ్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో ప్రొసీజర్ చెప్పకపోతే ఒకడు డిస్క్ హోల్డర్‌కు తగిలిన చోటి నుంచి, ఇంకొకడు సీటు లెవెల్ నుంచి లెక్కపెడతాడు. ఇద్దరూ "పన్నెండు పళ్లు" అనే రాస్తారు. స్పిండిల్‌ను పైకి లాగి సెట్ ప్రెషర్ మాత్రమే చూసే టెస్టులో ఈ తేడా తెలియదు. త్రీ మైల్ ఐలాండ్ తర్వాత 1981లో అమెరికా విద్యుత్ పరిశోధన సంస్థ ఈపీఆర్ఐ పూర్తి సైజు వాల్వులను ఆవిరితో, నీళ్లతో పరీక్షించాకే రింగుల ప్రభావం చాలామందికి కళ్లకు కట్టింది.

అపోహ: గ్యాగ్ మర్చిపోవడం ఎవరైనా చేస్తారా?

చేస్తారు. హైడ్రో టెస్టుకు (నీళ్లు నింపి ప్రెషర్ పెంచి చూసే పరీక్షకు) వాల్వు లేవకుండా బిగించే మరనే గ్యాగ్ అంటాం. అది తీయకపోతే అది సేఫ్టీ వాల్వు కాదు, ఇనుప మూత. ఎర్ర రంగు వేయండి, నంబరు కొట్టండి, స్టోర్‌కు వెనక్కి వచ్చాయో లేదో లెక్కపెట్టాకే పర్మిట్ మూయండి.

అపోహ: వాల్వు లేచిందంటే రేడియేషన్ బయటికి వచ్చినట్టే.

రణస్థలం వైపు మా పెద్దమ్మ ఉంటుంది. అణు విద్యుత్ కేంద్రం కడతామంటున్న కొవ్వాడ మాట పేపర్లో వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తుంది. అక్కడ రియాక్టర్ ఇంకా రాలేదు, భయం మాత్రం ఎప్పుడో వచ్చింది. ఎవరో వీడియో పంపారట: తెల్లటి ఆవిరి, జెట్ విమానంలాంటి హోరు, కింద "అణు లీకేజీ" అని. నాకది థర్మల్ ప్లాంటులా అనిపించింది. ఇలాంటివి పంపేవాళ్ల మీద నాకు ఎంత కోపమో, వాటిని చూసి రాత్రంతా నిద్రపోని ఆవిడ మీద అంత జాలి.

విడమరిచి చెప్పాను. మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లలో రియాక్టర్‌ను తాకే నీళ్లు వేరు, టర్బైన్ తిప్పే ఆవిరి వేరు. మధ్యలో స్టీమ్ జనరేటర్ గొట్టాల గోడ. లోపలివైపు దాదాపు 87 కేజీల ప్రెషర్, ఇవతల దాదాపు 40. ఆకాశంలోకి వాల్వు వదిలేది ఇవతలి మామూలు నీటి ఆవిరి. గొట్టానికి చిల్లు పడితే ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఇటు వస్తుంది, నిజమే. అందుకే ఆ నీటికి ఎప్పటికప్పుడు పరీక్షలు. తారాపూర్ పాత యూనిట్ల రకం వేరు, వాటిలో రిలీఫ్ వాల్వుల ఆవిరి లోపలి నీటి కొలనులోకే పోతుంది. వాల్వు లేచి హోరెత్తిందంటే అది తన పని చేస్తోంది. నన్ను భయపెట్టేది లేవాల్సినప్పుడు లేవని వాల్వే.

పెద్దమ్మ అంతా ఓపిగ్గా వింది. "సరేలే గానీ ఒరేయ్, ఆ హోరుకి గేదెలు బెదిరి పాలు ఎగ్గొట్టవూ?" అంది.

ఎగ్గొడతాయి పెద్దమ్మా, అన్నాను.