పికప్‌ను కోసి కురచ చేస్తే థార్ అవుతుందా? అపోహలు - వాస్తవాలు

మా షెడ్డు నల్గొండ ఊరి చివర ఉంటుంది. పోయినేడు ఓ ఫోర్ బై ఫోర్ క్యాంపర్ వచ్చింది, అంటే నాలుగు చక్రాలూ లాగే, వెనక సీటు కూడా ఉన్న పికప్. బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్‌కి పోతూ రాత్రిపూట చౌటుప్పల్ దగ్గర బోల్తా కొట్టిన బండి. వెనక తొట్టి నుజ్జునుజ్జు. క్యాబిన్‌లో వెనక సీటు పైకప్పు సీటుకు ఆనుకుంది. ముందు భాగం మాత్రం పర్వాలేదు. దాన్ని కొన్న పిలగాడు వస్తూనే, "అన్నా, చాసీ రెండు ఫీట్లు కోసి అతికిస్తే థార్ లెక్క అయితది గదా, వారం పని" అన్నాడు. ఆ వారం పనికి ఏడు నెలలు పట్టింది. అతను అడిగినవే ఇంకా చాలామంది అడుగుతుంటారు. అందుకే రాస్తున్నా.

అపోహ: ఇంజన్ స్టార్ట్ అయితే బండి బాగున్నట్టే.

బోల్తా పడ్డ బండిని నిలబెట్టగానే సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తలకిందులుగా ఉన్నప్పుడు ఇంజన్ ఆయిల్ సిలిండర్లలోకి చేరుతుంది. గాలిలా ఆయిల్ నలగదు కాబట్టి పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి ఆయిల్ బయటికి పోనివ్వాలి. సెల్ఫ్ సంగతి ఆ తర్వాత.

అయినా ఇంజన్ దొరుకుతుంది, మార్చుకోవచ్చు. చూడాల్సింది ఛాసిస్, అంటే బండంతా కూర్చునే ఇనుప చట్రం. పై సామానంతా దించేసి, ఛాసిస్ పొడవునా ఉండే రెండు ఇనుప పట్టాల మీద ఎదురెదురుగా ఉన్న రంధ్రాల నుంచి మేస్త్రీల గుండు దారం వేలాడదీసి కింద కాంక్రీటు మీద సుద్దతో గుర్తులు పెడతాం. ఆ గుర్తుల మధ్య మూల నుంచి మూలకు క్రాస్ కొలతలు తీస్తాం. ఈ బండికి 11 మి.మీ. తేడా వచ్చింది. నేనైతే 3 మి.మీ. దాటితే ఒప్పుకోను. క్రాస్ సరిపోయినా మెలిక ఉండొచ్చు, అది నీళ్ల పైపుతో ఎత్తులు చూస్తేనే బయటపడుతుంది. ఆ మెలిక తీయడానికే మాకు నెల దాటింది. గ్రైండర్ ఇంకా చేతపట్టలేదు. పిలగాడు వచ్చినప్పుడల్లా "కోసిన్రా అన్నా?" అని అడిగి పోయేవాడు.

అపోహ: వెల్డింగ్ అతుకు అసలు ఇనుము కన్నా గట్టిది.

ఇందులో సగం నిజం. మంచి చేతి అతుకు ఊడిరాదు. విరిగేది దాని పక్కన, వేడికి గుణం మారిన ఇనుము. అడ్డంగా నిట్టనిలువు కోత కోసి రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి అతికిస్తే ఆ బలహీనమైన గీత పట్టా చుట్టూ ఒకే చోట పడుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ పట్టా అక్కడే వంగుతుంది. అందుకే కోత మెట్టులా, ఇంగ్లిష్ జడ్ ఆకారంలో ఉండాలి. లోపల నుంచి పట్టీ వేయాలి, ఆ పట్టీ కొసలు చదరంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. పట్టా పై అంచు మీద, కింది అంచు మీద అడ్డంగా వెల్డింగ్ గీత పెట్టొద్దు, లాగుడంతా ఆ అంచుల మీదే ఉంటుంది. కమాన్లు (పట్టీల స్ప్రింగులు) వేలాడే హ్యాంగర్ దగ్గర, ఇంజన్ మౌంట్ దగ్గర, ఛాసిస్ నంబర్ ఉన్న చోట కోత వద్దే వద్దు.

వెల్డింగ్ రాడ్ విషయంలో మొహమాటం పనికిరాదు. గేట్లకీ గ్రిల్లులకీ వాడే 6013 రాడ్డుతో ఛాసిస్ అతికించిన బండ్లు చూశాను. ఈ పనికి 7018 కావాలి, అదీ ఓవెన్‌లో ఆరబెట్టింది. వానాకాలం తెరిచి పెట్టిన ప్యాకెట్ రాడ్లు తేమ పీలుస్తాయి. ఆ తేమలోని హైడ్రోజన్ అతుకులో చేరి, పని అయిపోయాక ఏ రాత్రో పగులు తెస్తుంది. వెల్డింగ్‌కు ముందే బ్యాటరీ కేబుళ్లు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ తీసేయండి.

అపోహ: వీల్‌బేస్ తగ్గితే ఎక్కడికైనా ఎక్కుతుంది.

వీల్‌బేస్ అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం. అది తగ్గితే ఎక్కడ లాభమో ముందు చెప్తాను. పొలం గట్టు దాటేటప్పుడు బండి నడుము ఆనకుండా ఉండాలి. కింద 220 మి.మీ. ఖాళీ ఉందనుకుంటే, 3 మీటర్ల వీల్‌బేస్‌కి నడుము ఆనకుండా దాటగల కోణం 16, 17 డిగ్రీలు. 2.4 మీటర్లకు కుదిస్తే దాదాపు 21. తేడా గట్టు మీద బాగా తెలుస్తుంది. జిప్సీ 2375 మి.మీ., రెండు డోర్ల థార్ 2450. మేం నలిగిన వెనక సీటు భాగం తీసేసి, 2.4 మీటర్ల దగ్గర ఆగాం.

ఇక నష్టం. బరువు కేంద్రం నేల నుంచి 75 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. 30 డిగ్రీల ఏటవాలు ఎక్కేటప్పుడు పాత వీల్‌బేస్‌తో, చక్రాలు నేలను నొక్కే మొత్తం బరువులో 14 శాతం వెనక చక్రాల మీదికి జరిగేది. ఇప్పుడు 18 శాతం జరుగుతుంది. ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. ఇంకా నిటారుగా పోతే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. తడి రోడ్డు మీద బ్రేక్ కొడితే గిర్రున తిరిగేది కూడా కురచ బండే.

గేర్‌బాక్స్ వైపు నుంచి వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా కురచ చేసి బ్యాలెన్సింగ్ చేయించాలి. రెండు కొసల యోక్‌లు (జాయింట్ పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో లేకపోతే వణుకు పోదు.

కమాన్లు గట్టిగా ఉంటే గుట్టలకు మంచిదని ఇంకో నమ్మకం. పికప్ కమాన్లు టన్నుకు పైగా లోడు మోయడానికి పెట్టినవి. లోడే లేని కురచ బండికి అవే ఉంటే చక్రం గుంతలోకి దిగదు, గాల్లో వేలాడుతుంది. ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ తిప్పుడు పంచేది డిఫరెన్షియల్. లాక్ లేని ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లో ఉంటే తిరిగేది అదే, నేల మీదున్నది ఊరికే చూస్తూ ఉంటుంది. ఫోర్ బై ఫోర్ ఉన్నా అంతే, ముందొకటి, వెనకొకటి గాల్లోకి లేస్తే బండి అక్కడే. మేం కమాన్లలో కొన్ని పట్టీలు తీసి మెత్తబరిచాం.

అందరూ మర్చిపోయేది ఇక్కడే ఉంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఓ కడ్డీ, దానికో బ్రేక్ వాల్వ్ ఉంటాయి. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే అది వెనక బ్రేక్ పెంచుతుంది, పైకి లేస్తే తగ్గిస్తుంది. బండి ఎత్తు పెంచి కడ్డీని అలాగే వదిలేస్తే, బండి ఎప్పుడూ ఖాళీ అనే వాల్వ్ అనుకుంటుంది. వాల్వే పీకేస్తే, తేలికైన వెనక చక్రాలు బ్రేక్ కొట్టగానే జామ్ అవుతాయి. కడ్డీ పొడవు మళ్లీ సెట్ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. బిల్లులో మాత్రం అది కనపడదు.

టైర్ల గురించి ఒక్క మాట. 29 అంగుళాల చోట 33 వేస్తే గేర్లన్నీ 14 శాతం పొడుగైనట్టే. అదే ఇంజన్‌తో లాగుడు దాదాపు 12 శాతం తగ్గుతుంది. మన చెల్కల్లో, ఎండిన వాగు ఇసుకలో పెద్ద టైరు కన్నా గాలి 18 పీఎస్ఐకి దించడమే ఎక్కువ పని చేస్తుంది. మళ్లీ నింపుకోవడానికి కంప్రెసర్ వెంట ఉంచుకోండి.

అపోహ: ఆర్సీ ఉంది, రోడ్డెక్కించొచ్చు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. వీల్‌బేస్ ఆర్సీలో రాసి ఉంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. స్క్రాప్ బండి కొనేటప్పుడే అది టోటల్ లాస్ కింద తేలిందా, ఆర్సీ రద్దయిందా, ఫైనాన్స్ తీరిందా చూసుకోండి. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (ఇన్సూరెన్స్‌లో రాసిన బండి విలువ) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టుగా కడతారు.

రోడ్డు లేకపోతే అడవిలో తిప్పుతామనే వాళ్లున్నారు. అమ్రాబాద్ అంటే టైగర్ రిజర్వ్, అనుమతి లేకుండా లోపలికి పోతే కేసే.

ఆ పిలగాడికి పని మొదలుపెట్టక ముందే ఇదంతా చెప్పాను. దేవరకొండ వైపు వాళ్ల మామకు పన్నెండెకరాల చెల్క ఉంది, మధ్యలో ఓ బోడగుట్ట కూడా. బండి రికవరీ ట్రక్కు మీద అక్కడికి పోతుంది, సాయంత్రం అదే ట్రక్కు మీద మా షెడ్డుకు వస్తుంది. రాగానే కిందికి దూరి, అతుకుల మీద రంగు ఎక్కడైనా సన్నగా చీలిందా అని టార్చి వేసి చూస్తాను.