చెప్పులు చూసి పోల్చుకునే తాత

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరికి పోయినప్పుడు అరుగు మీద కూర్చున్న తాతను చూశాను. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. అంతకంటే ఎక్కువున్న బోరు నీళ్ళు ఏండ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరుతుంది. ఆయన నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చినా వంగిన ఎముక మళ్ళీ తిన్నగా కాదు. ఆయన కర్ర పట్టుకుని లేవబోతుంటే నా నడుములో కలుక్కుమన్నట్టయింది.

నొప్పి ఆయనది, కలుక్కుమన్నది నాకు. ఎందుకలా? ఎదుటివాళ్ళ బాధ మనకు నేరుగా అందదనీ, ఊహలో వాళ్ళ చోట మనల్ని నిలబెట్టుకుంటామనీ తత్త్వవేత్త ఆడమ్ స్మిత్ 1759లోనే రాశాడు. 1990లలో ఇటలీలోని పార్మాలో కోతుల మెదడులో మిర్రర్ న్యూరాన్లు బయటపడ్డాయి. కోతి ఒక వస్తువును పట్టుకున్నా, ఇంకొకరు పట్టుకోవడం చూసినా అవే కణాలు స్పందించాయి. దాంతో సహానుభూతి గుట్టంతా తెలిసిపోయిందని చాలామంది సంబరపడ్డారు. నాకది తొందరపాటే అనిపిస్తుంది. చేతి కదలికను గుర్తుపట్టడం వేరు, మనసులో బాధ తెలియడం వేరు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది 2004లో మెదడు శాస్త్రవేత్త తానియా సింగర్ బృందం చేసిన ప్రయోగం. 16 జంటల్లో ఆడవాళ్ళ మెదడును స్కాన్ చేస్తూ, ఒకసారి వాళ్ళ చేతికి, ఒకసారి పక్కనున్న తోడు చేతికి చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. ఎవరికి ఇచ్చినా మెదడులోని ఇన్సులా ముందుభాగం, సింగులేట్ ముందుభాగం పనిచేశాయి. నొప్పిలోని తల్లడింపుతో సంబంధమున్న చోట్లివి. దెబ్బ ఒంటి మీద ఎక్కడ, ఎంత గట్టిగా తగిలిందో పసిగట్టే చోట్లు మాత్రం తమకు షాక్ తగిలినప్పుడే కదిలాయి. తోడు పడే తల్లడింపు వాళ్ళకూ అందింది, దెబ్బ మాత్రం అందలేదు.

తత్త్వవేత్త ఎడిత్ స్టైన్ 1917లో అచ్చయిన తన పరిశోధనలో ఈ దూరాన్నే పట్టుకుంది. ఎదుటి మనిషి దుఃఖం నాకు తెలుస్తుంది, కానీ అది ఆ మనిషి దుఃఖంగానే తెలుస్తుంది. స్మిత్ చెప్పిన ఊహ తప్పుదారి పట్టేదీ ఇక్కడే. వాళ్ళ చోట నిలబడ్డది నేనే కాబట్టి, నాకు ఏది కష్టమనిపిస్తే అదే వాళ్ళ కష్టమనుకుంటాను.

"నొప్పి బాగా ఉంటదా తాతా?" అని అడిగాను.

"నొప్పిదేమున్నది బిడ్డా, అలవాటైంది. ఎదురొచ్చినోళ్ళ మొఖమే కానరాదు. చెప్పులు చూసి పోల్చుకుంట."

నేను అరుగు కింద, నేల మీద కూర్చున్నాను. అప్పుడు ఆయనకు నా మొఖం కనబడింది.