ఇంట్లో ఈవీ ఛార్జర్: "ఎంసీబీ ఉంది కదా" అన్న ధీమా ప్రమాదం

ఛార్జర్ బిగించడానికి ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. "ఎంసీబీ ఉంది కదండీ, ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది." ఎంసీబీ అంటే మెయిన్ బోర్డులో ఉండే, దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్. మిగతా అపోహల్లో చాలావాటి వల్ల మహా అయితే డబ్బు దండగ. దీనివల్ల ఇల్లు అంటుకుంటుంది. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఎంసీబీ ఉంటే సాకెట్ కాలదు.

వాస్తవం: కాలుతుంది. ఎంసీబీ పడేది రెండు సందర్భాల్లోనే: దాని రేటింగ్‌కి మించి కరెంటు పారినప్పుడు, షార్ట్ అయినప్పుడు. సాకెట్ వెనక స్క్రూ వదులైతే ఈ రెండూ జరగవు. కారు తనకు కావలసిన 16 ఆంప్సే లాగుతుంటుంది, ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఆ లూజ్ కనెక్షన్ దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 25 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతేసి పడుకున్నట్టే. వేడికి కాంటాక్ట్ ఇంకా పాడవుతుంది, పాడైనకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది.

"అదే పాయింట్ మీద గీజర్ ఏళ్లుగా నడుస్తోంది" అంటారు. నీళ్లు కాగగానే గీజర్‌ని థర్మోస్టాట్ ఆపేస్తుంది, సాకెట్ చల్లారుతుంది. కారు ఒక్కోసారి ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది. మామూలు సాకెట్ ఆ పనికి చేసింది కాదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, వద్దు.

ఒక ఇంట్లో ప్లగ్ పీకబోతే రాలేదు. లోపల ప్లాస్టిక్ కరిగి పిన్నుకి అతుక్కుపోయింది. ఆ ఇంటాయన చాలా జాగ్రత్త గల మనిషి. రోజూ పడుకునే ముందు మెయిన్ బోర్డు దగ్గరికెళ్లి ఎంసీబీ పడలేదని చూసుకునేవారట. "ఒక్కసారి కూడా పడలేదండీ" అంటుంటే నాకు బాధేసింది. బోర్డు కాదు, ప్లగ్ ముట్టుకుని చూడాలని ఆయనకు చెప్పినవాళ్లే లేరు.

ఇంతకంటే ఘోరం, ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 ఆంప్స్‌ది తీసి 32 ఆంప్స్‌ది వేయించుకోవడం. ఎంసీబీ ఉన్నది ముందుగా గోడలోని వైరును కాపాడటానికి. వైరు పాతదే ఉంచి ఎంసీబీ పెద్దది వేస్తే, ఇక గోడలో వైరే కాలుతుంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. మెయిన్ బోర్డు నుంచి ఛార్జర్ దాకా మధ్యలో జాయింట్లు లేని విడి లైను లాగించండి. దానికి విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. 32 ఆంప్స్ వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) అయితే రాగి వైరు 6 స్క్వేర్ ఎంఎం కంటే తగ్గకూడదు, దూరం ఎక్కువైతే 10. ఆర్‌సీసీబీ ఏ టైప్‌దో కూడా అడగండి. ఏసీ టైప్ పనికిరాదు, డీసీ లీకేజీని అది పట్టుకోలేదు. ఛార్జర్‌లోనే 6 మిల్లీ ఆంప్స్ డీసీ రక్షణ ఉంటే 'ఎ' (A) టైప్ చాలు, లేకపోతే 'బి' (B) టైప్ కావాలి.

అపోహ: ఎర్త్ ఫాల్ట్ చూపిస్తే ఛార్జర్ పాడైనట్టే, బైపాస్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువసార్లు ఛార్జర్ చెప్పేదే నిజం, ఎర్తింగ్ లేదు. దీనికి కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఎర్రర్ పోతుంది, కారు ఛార్జ్ అవుతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా వెనకాల న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. పిల్లలు తిరిగే చోట నిలబెట్టే బండి అది. ఇలా చేస్తానన్న మనిషిని దయచేసి పనిలో పెట్టుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వానలో కారుకి ఛార్జింగ్ గన్ (ఛార్జర్ వైరు చివరి ప్లగ్) పెడితే షాక్ కొట్టదు. కారు, ఛార్జర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టి సరేననుకున్నాకే గన్‌లోకి కరెంటు వస్తుంది. అయితే వాల్ బాక్స్ ఆరుబయట పెట్టడానికి పనికొచ్చేదై ఉండాలి. 22 కిలోవాట్ల బాక్స్ కొంటే కారు వేగంగా ఎక్కుతుందనీ లేదు. ఏసీని డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది, అది 7.2 కిలోవాట్లదైతే అంతకు మించి తీసుకోదు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకి సుమారు 6 యూనిట్లు చాలు, 3 కిలోవాట్ల దగ్గర అది రెండు గంటల పని.

ఇప్పటికే మామూలు సాకెట్ మీద ఛార్జ్ చేస్తున్నవాళ్లు ఇది చదివి టెన్షన్ పడొద్దు. కొత్త లైను పడేదాకా కారు సెట్టింగ్స్‌లో గానీ, ఛార్జర్‌లో గానీ కరెంటు 10 ఆంప్స్‌కి తగ్గించండి. వేడి సగం కూడా ఉండదు. ఛార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా ప్లగ్ జోలికి పోకుండా ముందు బోర్డులో ఎంసీబీ దించేయండి, సాకెట్ మార్చేదాకా మళ్లీ వాడకండి.